పాత బండ్ల డ్రమ్ బ్రేకుల్లో ఏది గట్టిగా పడుతుంది? బుల్లెట్, యెజ్డీ, రాజ్‌దూత్ 350 ల పోలిక

మీ ప్రశ్నను ముందుగా క్లుప్తంగా చెప్పుకుంటాను. మీ దగ్గర ముందు చక్రానికి 7 అంగుళాల సింగిల్ లీడింగ్ షూ బ్రేకు (ఈ మాటల అర్థం కింద చెబుతాను) ఉన్న పాత బుల్లెట్ 350 ఉంది. మీ బావగారి యెజ్డీని, మిత్రుడి రాజ్‌దూత్ 350 ని కూడా నడిపి చూశారు. రాజ్‌దూత్ బ్రేకు చక్కగా పట్టింది, యెజ్డీది పరవాలేదనిపించింది, బుల్లెట్‌ది మాత్రం లివర్ ఎంత నొక్కినా బండి సాగిపోతూనే ఉంది. ఇది డ్రమ్ము రకంలో ఉన్న తేడాయేనా, బుల్లెట్‌కు ట్విన్ లీడింగ్ షూ ప్లేటు (షూలు బిగించి ఉండే పలక) వేయిస్తే సరిపోతుందా, లేక డిస్కుకు మారిపోవాలా అన్నది మీ సందేహం.

సూటిగా చెప్పాలంటే, ఒక్కసారి గట్టిగా ఆపే పనిలో ఈ మూడింటిలో రాజ్‌దూత్ 350 బ్రేకే మేలు. కానీ మీరు గమనించిన తేడాలో రకం వల్ల వచ్చింది కొంతే. మిగిలినది మీ బుల్లెట్ డ్రమ్ము, షూలు, కేబుల్ ఉన్న స్థితి వల్ల వచ్చింది. లేత్ మీద సరిచేసిన డ్రమ్ముకు షూలను సరిగ్గా కూర్చిన సింగిల్ లీడింగ్ బ్రేకు, లింక్ రాడ్ సరిగా కట్టని ట్విన్ లీడింగ్ బ్రేకు కంటే ప్రతిసారీ బాగా ఆపుతుంది. కాబట్టి ప్లేటు కొనే ముందు ఉన్న బ్రేకును బాగుచేయించి, ఆ తరువాత కొలిచి చూడండి. పాత బండ్లను విప్పి బిగించే పనిలో ఉన్నవాడిగా, నా దగ్గరకు “బ్రేకు పడటం లేదు” అంటూ వచ్చిన బుల్లెట్లలో ఎక్కువ వాటికి కొత్త ప్లేటు అవసరం రాలేదని చెప్పగలను.

ఇక కారణాలు. చక్రంతో పాటు తిరిగే గిన్నె లాంటి డ్రమ్ములో, దాన్ని లోపలి నుంచి రాసి ఆపే రెండు షూలు ఉంటాయి. ఒక్కో షూకు ఒక కొస పివట్ పిన్ను మీద ఆని ఉంటుంది, రెండో కొసను క్యామ్ (లివర్ నొక్కితే తిరిగే ముక్క) బయటికి నెడుతుంది. డ్రమ్ము తిరిగే దిశ క్యామ్ కొస నుంచి పివట్ కొస వైపు ఉంటే, ఆ రాపిడి షూను ఇంకా బయటికి లాగి డ్రమ్ముకు అదుముతుంది. తలుపు కింద పెట్టిన చెక్కముక్క, తలుపును తోసిన కొద్దీ మరింత బిగుసుకున్నట్టే ఇదీ. అది లీడింగ్ షూ. తిరిగే దిశ దీనికి వ్యతిరేకంగా ఉంటే రాపిడి షూను లోపలికి తోస్తుంది. అది ట్రెయిలింగ్ షూ. మీ బుల్లెట్‌లో ఒక క్యామ్, రెండు షూలు. కాబట్టి ఒకటి లీడింగ్, ఒకటి ట్రెయిలింగ్. రాజ్‌దూత్ 350 ముందు చక్రంలో రెండు క్యామ్‌లు ఉంటాయి, వాటిని బయట ఒక లింక్ రాడ్ కలుపుతుంది, రెండు షూలూ లీడింగ్‌గానే పనిచేస్తాయి. బయటి దేశాల్లో 1973 నుంచి ముందు డిస్కుతో అమ్ముడైన యమహా ఆర్‌డి 350 ని 1983 లో ఎస్కార్ట్స్ ఇక్కడ రాజ్‌దూత్ పేరుతో తెచ్చినప్పుడు, ఖర్చు తగ్గించడానికి ఆ డిస్కు తీసేసి ఈ 7 అంగుళాల ట్విన్ లీడింగ్ డ్రమ్ము పెట్టారు. అంటే మనం మెచ్చుకుంటున్న ఆ బ్రేకు, అసలు బండితో పోలిస్తే ఒక మెట్టు దిగిన బ్రేకే.

చాలామంది ఇక్కడ ఒక తప్పు లెక్క వేస్తారు: లీడింగ్ షూ ఎక్కువ పనిచేస్తుంది, ట్రెయిలింగ్ షూ ఊరికే ఉంటుంది, కాబట్టి రెండూ లీడింగ్ చేస్తే బలం రెట్టింపు అని. స్థిరమైన, అంటే తిరగడమే తప్ప పక్కకు జరగని, క్యామ్ ఉన్న బ్రేకులో సంగతి అలా ఉండదు. క్యామ్ రెండు షూలనూ ఒకే దూరం నెడుతుంది. కొత్తలో లీడింగ్ షూ లైనర్ (షూ మీద అంటించిన రాపిడి పొర) ఎక్కువ అరిగి, కొంత కాలానికి రెండు షూల మీదా ఒత్తిడి సమానమవుతుంది. ఆ తరువాత రెండూ ఇంచుమించు సమానంగానే ఆపుతాయి. అయితే ట్రెయిలింగ్ షూను ఆ ఒత్తిడితో అదిమిపెట్టడానికి క్యామ్ చాలా ఎక్కువ బలం ఖర్చు చేయవలసి వస్తుంది. ఆ ఖర్చు మీ వేళ్ల మీద పడుతుంది. బుల్లెట్ లివర్ బరువుగా అనిపించడానికి అసలు కారణం ఇదే.

మామూలు కొలతలున్న ఒక బ్రేకును తీసుకుని, లైనర్ ఘర్షణ గుణకం (అది డ్రమ్మును ఎంత గట్టిగా పడుతుందో చెప్పే అంకె) 0.35 అనుకుని లెక్క కట్టి చూస్తే, చేతి బలం, డ్రమ్ము వ్యాసం, లివర్ నిష్పత్తి అన్నీ ఒకటేగా ఉన్నప్పుడు ట్విన్ లీడింగ్ బ్రేకు, సింగిల్ లీడింగ్ బ్రేకు కంటే సుమారు 1.7 రెట్లు ఆపుతుంది. ఇది కాగితం మీది లెక్క. కేబుల్ సాగడం, ప్లేటు వంగడం పోను చేతికి అందేది దీనికంటే తక్కువే.

ఆ లెక్కలోనే ఇంకో సంగతి దాగి ఉంది, దాన్ని ఎక్కువ మంది పట్టించుకోరు. ట్విన్ లీడింగ్ బ్రేకు లైనర్ గుణానికి చాలా సున్నితంగా స్పందిస్తుంది. అదే బ్రేకులో గుణకం 0.35 నుంచి 0.45 కు పెరిగితే సింగిల్ లీడింగ్ బలం 29 శాతం పెరుగుతుంది, ట్విన్ లీడింగ్ బలం మాత్రం 60 శాతానికి పైగా పెరుగుతుంది. వినడానికి బాగుంటుంది గానీ, వేడెక్కినప్పుడు ఇదే లెక్క ఎదురు తిరుగుతుంది. వేడికి గుణకం 0.25 కు పడిపోయిందనుకోండి. సింగిల్ బ్రేకు 29 శాతం కోల్పోతే ట్విన్ బ్రేకు 41 శాతం కోల్పోతుంది. అప్పటికీ దాని బలమే ఎక్కువ, కానీ చేతికి అలవాటైన పట్టు ఒక్కసారిగా సడలిపోవడం వల్ల నడిపేవాడు బెదిరిపోతాడు. రాజ్‌దూత్ నడిపే కుర్రాళ్లు “మొదటి రెండు సార్లు బ్రహ్మాండం, మూడోసారికి చేతులెత్తేస్తుంది” అనేది ఈ కారణంగానే.

వేడి ఎంత పుడుతుందో కూడా చూద్దాం. బుల్లెట్, మనిషి కలిసి 240 కిలోలు అనుకుంటే, గంటకు 80 కి.మీ. వేగంలో ఆ బండి శక్తి సుమారు 59 కిలోజౌళ్లు, 40 కి.మీ. వేగంలో అందులో నాలుగో వంతు, అంటే 15 కిలోజౌళ్ల లోపే. ఊళ్లో బాగా ఆగే బండి హైవే మీద ఆగనట్టు అనిపించడానికి ఈ నాలుగు రెట్ల తేడా చాలు. 80 నుంచి ఒక్కసారి ఆపితే, ముందు చక్రం 70 శాతం పని చేస్తుందనీ, డ్రమ్ములోని ఇనుప రింగు ఒకటిన్నర కిలో ఉంటుందనీ అనుకుంటే, ఆ రింగు వేడి సుమారు 60 డిగ్రీలు పెరుగుతుంది. ఇప్పుడు తిరుమల నుంచి పాత ఘాట్ రోడ్డులో దిగడం తీసుకోండి. ఎత్తు తేడా సుమారు 700 మీటర్లు. ఇంజను సాయం అసలు లేదనుకుంటే బ్రేకులు మింగవలసిన శక్తి దాదాపు 1650 కిలోజౌళ్లు, అంటే 80 నుంచి ఇరవై ఎనిమిది సార్లు బండిని నిలబెట్టినంత. బుల్లెట్ నాలుగు స్ట్రోకుల ఇంజను, రెండో గేరులో దింపితే అందులో పెద్ద భాగాన్ని తానే మింగేస్తుంది. యెజ్డీ, రాజ్‌దూత్ రెండు స్ట్రోకుల బండ్లు, వాటి ఇంజను పట్టు బాగా తక్కువ; పైగా పెట్రోలులో ఆయిలు కలిపి నడిచే యెజ్డీలో థ్రాటిల్ మూసి ఎక్కువసేపు దిగితే ఇంజనుకు ఆయిలు కూడా అందదు కాబట్టి మధ్యమధ్య థ్రాటిల్ తెరుస్తూ ఉండాలి. అందువల్ల ఘాట్‌లో, బ్రేకు బలం ఎక్కువైన రాజ్‌దూత్ కంటే బలం తక్కువైన బుల్లెట్టే నిశ్చింతగా దిగడం నేను చూస్తూనే ఉన్నాను.

వేడితో ఇంకొకటి జరుగుతుంది. 178 మి.మీ. వ్యాసం ఉన్న ఇనుప డ్రమ్ము 200 డిగ్రీలు వేడెక్కితే దాని వ్యాసం దాదాపు 0.4 మి.మీ. పెరుగుతుంది. డ్రమ్ము షూల నుంచి దూరంగా జరుగుతుంది కాబట్టి లివర్ గ్రిప్పు దగ్గరకు వచ్చేస్తుంది. దిగువకు వచ్చాక కేబుల్ అడ్జస్టర్ తిప్పి బిగించేవాళ్లు, డ్రమ్ము చల్లారిన తరువాత షూలు రాసుకుంటున్నాయని మళ్లీ వస్తారు. వేడిగా ఉన్నప్పుడు అడ్జస్ట్ చేయకండి.

వ్యాసం, వెడల్పుల గురించి ఒక మాట. వ్యాసం పెరిగితే ఆపే బలం నేరుగా పెరుగుతుంది. 6 అంగుళాల నుంచి 7 కు వెళ్తే ఆరో వంతు లాభం. షూ వెడల్పు పెరిగితే ఆపే బలం పెరగదు. అదే బలం ఎక్కువ వైశాల్యం మీద పంచుకోవడం వల్ల లైనర్ తక్కువ అరుగుతుంది, తక్కువ వేడెక్కుతుంది, అంతే. చక్రం కూడా లెక్కలోకి వస్తుంది: బుల్లెట్‌ది 19 అంగుళాల చక్రం, రాజ్‌దూత్‌ది 18. అదే డ్రమ్ము పెద్ద చక్రంలో ఉంటే రోడ్డు మీద పట్టు ఇరవయ్యో వంతు తగ్గుతుంది. బుల్లెట్ బరువు కూడా కలుపుకుంటే, మీరు పోల్చిన పోలికలో బుల్లెట్‌కు మొదటి నుంచే అన్యాయం జరిగింది. యెజ్డీది కూడా సింగిల్ లీడింగే, కానీ బండి తేలిక, హబ్ (చక్రం మధ్య భాగం) వెడల్పుగా ఉండే అల్యూమినియంది కాబట్టి వేడి త్వరగా బయటికి పోతుంది. అందుకే మీకది మధ్యస్థంగా అనిపించి ఉంటుంది.

నడిపి చూసి పోల్చకండి, కొలిచి పోల్చండి. దీనికి ఖరీదైన సామాను అక్కరలేదు; సూట్‌కేసులు తూచే డిజిటల్ కాటాలు రెండు చాలు. బండిని సెంటర్ స్టాండు మీద నిలబెట్టి, ఇంజను కింద జాకీ పెట్టి ముందు చక్రం నేలను తాకకుండా లేపండి. ఒక కాటా కొక్కాన్ని బ్రేకు లివర్ చివర తగిలించి, గ్రిప్పు వైపు 10 కిలోల బలంతో ఒకరిని లాగి పట్టుకోమనండి. టైరు చుట్టూ ఒక పట్టీ బిగించి, రెండో కాటాను దానికి తగిలించి, చక్రం ముందుకు తిరిగే దిశలో టైరు అంచు వెంబడి లాగండి. చక్రం జారిన క్షణంలో కాటా మీద ఎంత ఉందో రాసుకోండి. అదే లివర్ బలంతో వెనక్కి తిరిగే దిశలో కూడా లాగండి. నడిచే బండిలో రాపిడి దీనికి కొంచెం భిన్నంగా ఉంటుంది కానీ, రెండు బండ్లను పోల్చడానికి, బాగుచేయక ముందూ తరువాతా తేడా చూడడానికి ఈ పద్ధతి బాగా పనికొస్తుంది.

వెనక్కి లాగడం ఎందుకంటే, బ్రేకు ఆరోగ్యం అక్కడే బయటపడుతుంది. షూలు బాగా కూర్చుకున్న సింగిల్ లీడింగ్ బ్రేకులో రెండు అంకెలూ దగ్గరదగ్గరగా వస్తాయి. సరిగా కట్టిన ట్విన్ లీడింగ్‌లో వెనక్కి లాగినప్పుడు రెండు షూలూ ట్రెయిలింగ్ అయిపోతాయి కనుక, ముందుకు వచ్చిన అంకెలో సగం కూడా రాదు. ట్విన్ లీడింగ్ బ్రేకులో రెండు దిశల అంకెలూ సమానంగా వస్తున్నాయంటే, అది కాగితం మీద మాత్రమే ట్విన్ లీడింగ్ అని అర్థం. ఎత్తు మీద ఆపిన ట్విన్ లీడింగ్ బండి ముందు బ్రేకుకు ఆగక వెనక్కి జారడం లోపం కాదు, దాని స్వభావమే. అక్కడ వెనుక బ్రేకు తొక్కి పట్టుకోవాలి.

ఒకసారి ఒక పెద్దాయన తన బుల్లెట్‌కు బజారులో దొరికే ట్విన్ లీడింగ్ ప్లేటు వేయించుకుని, మునుపటి కంటే అన్యాయంగా ఉందని తెచ్చారు. ప్లేటు విప్పి చూస్తే ఒక షూ లైనర్ మధ్యలో మాత్రం నల్లగా మెరుస్తోంది, రెండో షూ మీద కొత్త లైనర్ పొడి అలాగే ఉంది. లింక్ రాడ్ పొడవు సరిపోక రెండో క్యామ్ అసలు తెరుచుకోవడమే లేదు. అంటే ఆయన ఇన్నాళ్లూ ఒక్క షూతో, అదీ మధ్య భాగంతో మాత్రమే ఆపుతున్నారు. రాడ్ విప్పి, ఒక్కో ఆర్మ్‌ను (క్యామ్‌ను బయటి నుంచి తిప్పే చేతిని) విడిగా స్పానర్‌తో తిప్పి షూ డ్రమ్ముకు తాకే చోటు చూసి, రెండూ తాకినప్పుడు రాడ్ ఎంత పొడవుండాలో అంత చేసి లాక్ నట్టు బిగిస్తే సగం సమస్య తీరింది. మిగతా సగం డ్రమ్ముది.

డ్రమ్ము విషయంలోనే మన దగ్గర ఎక్కువ నష్టం జరుగుతోంది. స్పోకులు కొత్తవి వేసి బిగించినప్పుడు ఆ లాగుడికి హబ్ కొద్దిగా కోలగా మారుతుంది. అందుచేత డ్రమ్మును లేత్ మీద తిప్పించవలసింది స్పోకులు బిగించి, చక్రం వంకర తీసిన తరువాతే, ముందు కాదు. చక్రం మొత్తం పట్టే పెద్ద లేత్ కావాలి కాబట్టి చాలామంది వర్క్‌షాపువాళ్లు హబ్‌ను విడిగా తిప్పి ఇచ్చేస్తారు. ఆ పని వృథా. తిప్పేటప్పుడు అవసరమైనంత వరకే తీయాలి. డ్రమ్ము మీద గరిష్ఠ వ్యాసం అచ్చు వేసి ఉంటే దాన్ని దాటకూడదు.

డ్రమ్ము పెద్దదైన తరువాత మామూలు షూలు వేస్తే, వాటి వంపు చిన్నదిగా ఉండి మధ్యలో మాత్రమే తాకుతాయి. కొంచెం మందమైన లైనర్ అంటించిన షూలను బ్రేక్ ప్లేటు మీద బిగించి, క్యామ్ కింద సన్నని రేకు పెట్టి కొద్దిగా తెరిచి, ఆ ప్లేటునే లేత్‌లో పట్టి, డ్రమ్ము వ్యాసం కంటే 0.2 నుంచి 0.3 మి.మీ. తక్కువకు లైనర్లను తిప్పించాలి. తరువాత డ్రమ్ము లోపల సుద్దముక్క రాసి, చక్రం బిగించి, చేత్తో ఒకటి రెండు చుట్లు తిప్పుతూ బ్రేకు పట్టి విప్పి చూడండి. లైనర్ మీద సుద్ద ఎక్కడ అంటిందో అక్కడే తాకుతోంది. ఈ కొస నుంచి ఆ కొస దాకా పల్చగా అంటేవరకు గరుకు కాగితంతో దిద్దుకోవాలి. లైనర్ ముందు అంచును కొద్దిగా ఏటవాలుగా రుద్దితే బ్రేకు హఠాత్తుగా పట్టేయడం తగ్గుతుంది.

చక్రం బిగించేటప్పుడు మరో చిన్న పని ఉంది, దీనికి పైసా ఖర్చు లేదు. యాక్సిల్ నట్టు వదులుగా ఉంచి, చక్రాన్ని తిప్పి, బ్రేకు గట్టిగా నొక్కి పట్టుకుని, అలా పట్టుకునే నట్టు బిగించండి. ప్లేటు డ్రమ్ము మధ్యకు వచ్చి కూర్చుంటుంది. కేబుల్ కూడా చూడండి: బ్రేకు పూర్తిగా పట్టినప్పుడు కేబుల్‌కూ, ప్లేటు మీది ఆర్మ్‌కూ మధ్య కోణం 90 డిగ్రీలకు దగ్గరగా ఉండాలి. అరిగిన షూలు వేసుకుని, అడ్జస్టర్‌తోనే నెట్టుకొస్తే ఆర్మ్ ఆ కోణం దాటిపోతుంది. మీ చేతి బలంలో కొంత ప్లేటును వంచడానికే పోతుంది.

మనవి కాని బండ్ల సంగతి కొంచెమే చెబుతాను, ఎందుకంటే అవి మన రోడ్ల మీద అరుదు. ఇంగ్లండులో ట్రయంఫ్ 1968 లో తన 8 అంగుళాల డ్రమ్మును సింగిల్ నుంచి ట్విన్ లీడింగ్‌కు మార్చింది. రోడ్డు బండ్ల డ్రమ్ములలో నాకు నచ్చినది అదే. విన్సెంట్ వాళ్లు వేరే దారి పట్టారు: ముందు చక్రానికి రెండు వైపులా రెండు 7 అంగుళాల సింగిల్ లీడింగ్ డ్రమ్ములు. రెండూ ఒకే రీతిగా లాగేలా కేబుళ్లు కట్టడానికి ఓపిక కావాలి కానీ, వేడి రెండు చోట్ల పంచుకోవడం అందులో సుగుణం. సుజుకి జీటీ 750 మొదటి మోడల్‌కు రెండు వైపులా ట్విన్ లీడింగ్ డ్రమ్ములు, అంటే నాలుగు లీడింగ్ షూలు పెట్టారు. మరుసటి ఏడాదికే అవి తీసేసి డిస్కులు వేశారు. 1969 లో హోండా సీబీ 750 ముందు డిస్కుతో వచ్చాక డ్రమ్ముకు పెద్ద బండ్లలో చోటు పోయింది. కారణం ఒక్కసారి ఆపే బలం కాదు. మళ్లీ మళ్లీ ఆపినా అదే పట్టు ఉండడం.

ఇక డిస్కు. మీ బండికి డిస్కు వేయడమంటే ఫోర్కు, హబ్, మాస్టర్ సిలిండర్ అన్నీ మార్చాలి. బండి అసలు రూపం పోతుంది, పాత బండిగా దాని విలువ కూడా తగ్గుతుంది. మీరు రోజూ హైవే మీద 80 పైన వెళ్తూ, వెనుక మనిషిని కూర్చోబెట్టుకునేట్టయితే అది సమంజసమే. ఆదివారం పూట ఊరి చుట్టూ తిరగడానికైతే, డ్రమ్ము, షూలు సరిచేయించి కాటాతో కొలిచి చూడండి. ముందుకు లాగిన అంకె మీ మిత్రుడి రాజ్‌దూత్ అంకెలో సగానికి పైగా వస్తే మీ సింగిల్ లీడింగ్ బ్రేకు తన పని తాను చేస్తున్నట్టే. ఇంకా కావాలనిపిస్తే అప్పుడు ట్విన్ లీడింగ్ ప్లేటు వేయించండి. దాన్ని కూడా పైన చెప్పినట్టు లేత్ మీద తిప్పించే వేయించండి.

ఒక జాగ్రత్త. పాత లైనర్లలో ఆస్బెస్టాస్ ఉంటుంది. విప్పిన డ్రమ్ములోని పొడిని నోటితో గానీ, ఎయిర్ గన్‌తో గానీ ఊదకండి. తడి గుడ్డతో తుడిచి, ఆ గుడ్డను కవరులో కట్టి పారేయండి. లేత్ మీద పాత లైనర్లను అసలు తిప్పించవద్దు. ఆస్బెస్టాస్ లేని కొత్త లైనర్లు అంటించాకే తిప్పించండి. కొత్త షూలు వేసిన తరువాత మొదటి రెండు మూడు వందల కిలోమీటర్లు గట్టిగా ఆపకుండా, మధ్యస్థంగా బ్రేకు వాడుతూ వాటిని కూర్చోనిచ్చి, ఆ తరువాత కేబుల్‌ను మరోసారి అడ్జస్ట్ చేయండి. కాటాతో కొలవడం అప్పుడు చేయండి, అంతకు ముందు వచ్చే అంకెలు లెక్కలోకి రావు.